పాత బేస్‌బాల్ గ్లవ్: ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది? నూనె రాయొచ్చా?

శ్రావణ్: ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) పాత గ్లవ్ కొన్నాను. వేళ్లు దేనికవి విడిగా ఉన్నాయి, వాటిని కలిపే లేసు లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మాత్రం లేసులతో అల్లిన వెబ్ (వల లాంటి భాగం) ఉంది. అరచేతి మీద రాలింగ్స్ కంపెనీ ముద్ర, కింద సగం చెరిగిన సంతకం: '...డోక్'. తోలు బిగుసుకుపోయింది, మడతల్లో తెల్లగా ఏదో పట్టింది. తోలు మెత్తబడటానికి రాసే నీట్స్‌ఫుట్ ఆయిల్ ఉంది, రాసేయనా?

పాతతోలు: దయచేసి ఆ నూనె ముట్టుకోకండి! ఆడే గ్లవ్‌కి సరే. సేకరణలో పెట్టుకునేదానికి రాస్తే తోలు నల్లబడి, ఆ సగం సంతకం కూడా కనిపించకుండా పోతుంది. లోపలి ఫెల్ట్ మెత్త దాకా ఇంకిన నూనెను మళ్లీ బయటికి తీయలేం.

అది బిల్ డోక్ పేరే అయితే మంచి వస్తువే దొరికింది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఆయన. అంతకుముందు గ్లవ్‌లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న తోలు ముక్క ఉండేది. దాని బదులు లేసులు అల్లితే బంతికి గూడు ఏర్పడుతుందని రాలింగ్స్‌కి చెప్పింది ఆయనే. 1920 ప్రాంతంలో వచ్చిన ఆ మోడల్ దశాబ్దాల పాటు అమ్ముడైంది. కాబట్టి పేరు చూసి 1920 అని రాసేసుకోకండి. వేళ్లను లేసుతో కలపడం మామూలైంది 1940ల నుంచి, అందుకని మీది దానికి ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. గది చీకటి చేసి, టార్చ్‌ను తోలుకి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. చెరిగిన అక్షరాల గుంటలు నీడల్లో తేలతాయి. మణికట్టు పట్టీ కింద కూడా చూడండి, చేతులు తగలవు కాబట్టి అక్కడి ముద్రలు బాగా నిలుస్తాయి.

ఆ తెల్లది బూజో, తోలులోంచి పైకొచ్చిన కొవ్వో ముందు తేల్చుకోవాలి. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టండి. కొవ్వయితే కరిగి మాయమవుతుంది. బూజయితే అలాగే ఉంటుంది, అప్పుడు ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులిపి, మిగతా గ్లవ్స్‌కి దూరంగా ఉంచండి.

క్యాచర్_మిట్: శుభ్రం చేసేముందు తెల్లగుడ్డతో ఓ మూల రుద్ది చూడండి. ఎర్రటి పొడి రాలితే తోలు కుళ్లుతున్నట్టే, తడి అసలు తగలనివ్వొద్దు. పొడి రాలకపోతే, తోలు శుభ్రం చేసే సాడిల్ సోప్ నురుగు మాత్రమే, అదీ ముద్రల జోలికి పోకుండా.

శ్రావణ్: డ్రయ్యర్‌కి తెల్లది కరిగిపోయింది! టార్చ్ వెలుగులో 'బిల్ డోక్' అని పూర్తిగా చదివాను. చాలా థ్యాంక్స్ అండి. వెబ్‌లో ఒక లేసు తెగి ఉంది, కొత్తది వేయించనా?

పాతతోలు: చాలా సంతోషం! నేనైతే వేయించను. ఆ అల్లిక వల్లే కదా ఈ గ్లవ్‌కి పేరు. తెగిన కొసలు వేలాడుతుంటే సన్నని కాటన్ దారంతో వదులుగా కట్టి ఉంచండి. ఎప్పుడైనా మార్చక తప్పకపోతే రెండు వైపులా ఫొటోలు తీసి, అదే వెడల్పు లేసు వాడి, పాత ముక్కను గ్లవ్‌తోనే దాచండి. వెబ్ ఫొటో ఒకటి దగ్గరగా తీసి పెడతారా?