వేరుశనగలో అఫ్లాటాక్సిన్: వేయిస్తే పోతుందా, విత్తనంలోనే ఆపగలరా?

ప్రశ్న (పాకాల ఉపాధ్యాయిని)

మాది పాకాల దగ్గర ఒక పల్లె. మా నాన్నగారు నాలుగెకరాల మెట్టలో ఏటా వర్షాధారంగా శనక్కాయ వేస్తారు. నిరుడు కాయ ఊరే రోజుల్లో నెలపాటు చినుకు లేదు, తీరా చెట్లు పెరికి ఓదెలు వేశాక ముసురు పట్టింది. ఆ గింజలను కొన్న చెన్నై వ్యాపారి ఒకరు పరీక్ష చేయించి, కిలోకు 42 మైక్రోగ్రాముల అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందంటూ వెనక్కి పంపారు. మా కంటికి గింజలో ఏ లోపమూ కనిపించలేదు. వాటిని గానుగ ఆడించి నూనె ఇంట్లో వాడుకుందామనీ, చెక్క ఆవులకు పెడదామనీ అమ్మ అంటోంది. వేయించినా, గానుగ ఆడించినా ఈ విషం పోతుందా? పరిశోధనలు ఇంతగా సాగుతున్న ఈ రోజుల్లో దీన్ని విత్తనంలోనే ఆపే దారి ఎవరూ కనిపెట్టలేదా? తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

జవాబు (ఆహార పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తున్నాను, తిరుపతి)

మేడమ్ గారూ, ముందుగా చెక్క సంగతి చెబుతాను, ఎందుకంటే ఆలస్యం చేయకూడనిది అదే. అఫ్లాటాక్సిన్ నూనెలో సరిగా కరగదు కాబట్టి గానుగలో అధికభాగం చెక్కలోనే ఉండిపోతుంది. నూనె బయటికి పోయి బరువు తగ్గడం వల్ల, కిలోకు 42 మైక్రోగ్రాములున్న గింజల చెక్కలో అది 60 కూడా దాటవచ్చు. ఆ చెక్క తిన్న ఆవు కాలేయం అఫ్లాటాక్సిన్‌లోని బీ1 అనే రకాన్ని ఎమ్1 అనే మరో విషరూపంగా మార్చి పాలలోకి వదులుతుంది. ఎమ్1 కాచినంత మాత్రాన పోదు. పాలలో దీనికి మన దేశంలో ఉన్న పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాము మాత్రమే. పాడి మీద బతికే ఇళ్లు ఇన్ని ఉన్న మన చిత్తూరు ప్రాంతంలో ఈ సంగతి ఇంకా చాలామందికి చేరకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. దయచేసి ఆ చెక్కను ఆవులకు పెట్టకండి.

వేయిస్తే విషం కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, ఎందుకంటే అది విడిపోవడానికి మన మూకుడు వేడి చాలదు. రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని విషం దాదాపుగా తొలగిపోతుంది, కానీ గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. అందులో తేలే సన్నటి పిండితో పాటు కొంత విషం కూడా వస్తుంది.

మీ 42 అంకె గురించి ఒక మాట. నేరుగా తినకుండా, ఇంకా శుద్ధి చేయవలసిన గింజలకు మన దేశంలో పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, అంటే వెయ్యి టన్నులకు 15 గ్రాములు. ఈ విషం సరుకంతటా సమానంగా ఉండదు. కొన్ని గింజల్లోనే విపరీతంగా పోగుపడి, పక్క గింజలో అసలు లేకపోవచ్చు. అందువల్ల ఒక సంచిలోంచి పిడికెడు తీసి చేసిన పరీక్ష మంచిదని చెప్పినా, చెడ్డదని చెప్పినా నమ్మడం కష్టం.

జవాబు (అణుజీవశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని)

విత్తనం గురించిన ప్రశ్నకు నాకు తెలిసినంత రాస్తాను. ఈ విషాన్ని తయారుచేసేది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. అందుకు కావలసిన పాతిక పైచిలుకు జన్యువులు దాని క్రోమోజోములో ఒకేచోట వరుసగా ఉంటాయి, వాటిని మేల్కొలిపే ప్రధాన జన్యువు పేరు ఏఎఫ్ఎల్ఆర్. మన కాలేయంలోని ఎంజైములు ఈ విషాన్ని మార్చినప్పుడు అది డీఎన్ఏలోని గ్వానిన్‌కు అతుక్కుని, పీ53 అనే కాపలా జన్యువులో 249వ స్థానాన్ని దెబ్బతీయగలదు. కాలేయ క్యాన్సర్‌తో దీనికున్న సంబంధం అక్కడే ఉంది.

మీ చేను ఎండిన నెల గురించి ఆలోచించండి. పచ్చిగా, నీటితో ఉన్న గింజ స్టిల్బీన్లనే రక్షక పదార్థాలను తయారుచేసుకుని బూజును అడ్డుకుంటుంది. బెట్ట తగిలి గింజలో నీరు తగ్గేకొద్దీ ఆ తయారీ ఆగిపోతుంది, నేల వేడెక్కి బూజుకు అనుకూలమవుతుంది. అంటే విషం మీ ఇంటి సంచుల్లో కాదు, చేలోనే మొదలై ఉండవచ్చు.

పటాన్‌చెరువులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు అమెరికాలోని డాన్‌ఫోర్త్ మొక్కల పరిశోధన కేంద్రంతో కలిసి 2018లో ప్రచురించిన పని నాకు చాలా ఇష్టమైనది. మన పశువులకు మేతగా వేసే లూసర్న్, దాని దగ్గరి బంధువైన మరో మొక్కల్లో ఉండే, బూజును అడ్డుకునే డిఫెన్సిన్ అనే ప్రోటీన్ల జన్యువులను వేరుశనగలో పెట్టి, బూజు పెరుగుదలను తగ్గించారు. మరికొన్ని మొక్కల్లో విషం తయారీకి కావలసిన బూజు జన్యువులైన ఏఎఫ్ఎల్ఎమ్, ఏఎఫ్ఎల్‌పీలను నోరు మూయించే ఆర్ఎన్ఏను గింజే తయారుచేసేలా చేశారు. ఆ ఆర్ఎన్ఏ బూజులోకి చేరితే, బూజు బతికి ఉన్నా విషం చేయలేదు! పరీక్షల్లో విషం చాలా తక్కువ స్థాయికి పడిపోయింది. అయితే ఇవి జన్యుమార్పిడి మొక్కలు. మన దేశంలో వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, కాబట్టి ఈ విత్తనం మీ నాన్నగారి చేతికి వెంటనే రాదు.

జవాబు (విశ్రాంత వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, చిత్తూరు)

అమ్మా, విత్తనం వచ్చేదాకా చేలో చేయగలిగినది చెబుతాను. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ పెంకు గట్టిపడుతుంది. తిరుపతి పరిశోధన స్థానంలో రూపొందిన ధరణి రకం బెట్టను కొంత ఓర్చుకుంటుంది, అయినా దాన్ని బూజు తట్టుకునే రకమని పొరబడకండి. మనకు కోతల వేళకే ఈశాన్య రుతుపవనం దిగుతుంది గనుక అసలు కష్టం ఆరబెట్టడంలోనే ఉంది. చెట్లను కాయలు పైకి ఉండేలా తిరగేసి ఓదెలు వేయండి, కాయలో తేమ 8 శాతానికి దిగేదాకా వామి పెట్టకండి. పురుగు తొలిచిన కాయలను, ఎండిపోయిన చెట్ల కాయలను, పరిగ కాయలను మంచి కాయల్లో కలపకండి. వలవడం తేలికవుతుందని కాయల మీద నీళ్లు చల్లడం మన ఊళ్లలో మామూలే, దాన్ని పూర్తిగా మానేయాలి.

ప్రశ్నించినవారు

అయ్యా, మేము నీళ్లు చల్లే ఒలిపించాం. అందరికీ ధన్యవాదాలు. చెక్క ఆలోచన మానేశాం. రంగు మారిన గింజలు, ముడుచుకుపోయినవి ఏరేసి, మిగతావాటికి మళ్లీ పరీక్ష చేయిద్దామనుకుంటున్నాం. నమూనా ఎలా తీయాలి?

జవాబు (ఆహార పరీక్షల ప్రయోగశాల)

ప్రతి సంచిలోనూ పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి గింజలు తీసి, మొత్తం కనీసం ఐదు కిలోలయ్యేలా కలిపి, పొడి గుడ్డ సంచిలో తీసుకురండి. అంతటినీ ఒకేసారి పిండి చేసి, అందులోంచి పరీక్షకు తీసుకోమని ప్రయోగశాలలో గట్టిగా అడగండి. ఏరేసిన గింజలను వేరే సంచిలో కట్టి, కోళ్లకూ ఆవులకూ అందనిచోట పెట్టండి.