ఎల్లో బాక్స్ జంక్షన్‌లో ఆగినందుకు వచ్చిన పీసీఎన్‌ను (జరిమానా నోటీసును) సవాలు చేయవచ్చా?

ప్రశ్న:
నేను ఇంగ్లండ్‌లో, లండన్ బయట ఉంటాను. ఎల్లో బాక్స్ జంక్షన్‌లో (పసుపు అడ్డగీతలు గీసి, వాహనాలు నిలవకుండా ఖాళీగా ఉంచే కూడలిలో) కారు ఆపానంటూ స్థానిక కౌన్సిల్ నుంచి పోస్టులో పీసీఎన్ వచ్చింది. జరిమానా 70 పౌండ్లు. రాయితీ గడువులోగా కడితే 35. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉన్న వీడియో చూశాను. నేను బాక్స్‌లోకి వెళ్ళేటప్పటికి అవతల ఒక కారు పట్టేంత ఖాళీ ఉంది. నేను మధ్యకు చేరేలోగా పక్క లేన్‌లోని వ్యాన్ ఆ ఖాళీలోకి దూరడంతో నా వెనుక చక్రాలు పసుపు గీతలపైనే నిలిచిపోయాయి. సవాలు చేసి ఓడిపోతే పూర్తి మొత్తం కట్టవలసి వస్తుందా? లైసెన్సుపై పెనాల్టీ పాయింట్లు పడతాయా?

మొదటి సమాధానం:
వీడియో మీరు చెప్పినట్టే ఉంటే ఇది తప్పకుండా సవాలు చేయదగినదే. బాక్స్‌లో ఆగడం దానంతటదే ఉల్లంఘన కాదు. 2016 నాటి ట్రాఫిక్ గుర్తుల నిబంధనల ప్రకారం, నిలిచి ఉన్న వాహనాల వల్ల బాక్స్‌లోనే ఆగిపోవలసి వచ్చే విధంగా అందులోకి ప్రవేశించడం ఉల్లంఘన. కుడివైపు తిరగడానికి వెళ్ళి, ఎదురుగా వచ్చే వాహనాల వల్ల ఆగినవారికి మినహాయింపు ఉంది. కనుక మీ వాదనంతా ప్రవేశించిన క్షణం మీదే నిలవాలి.

వీడియోను ఆపి ఆపి చూడండి. మీ ముందు చక్రాలు గీత దాటినప్పుడు, వ్యాన్ లేన్ మారినప్పుడు, మీ కారు ఆగినప్పుడు తెరపై కనిపించే సమయాలను రాసుకొని, ఆ మూడు చోట్ల స్క్రీన్‌షాట్లు తీసి జతచేయండి. "ఉల్లంఘన జరగలేదు" అన్న కారణాన్నే ఎంచుకోండి. దారి కొత్తదనీ, ఆలస్యమవుతోందనీ రాయకండి. అలాంటివి చేరితే అసలు వాదన పలచబడుతుంది.

రెండవ సమాధానం:
పాయింట్ల భయం అక్కరలేదు, ఇది సివిల్ జరిమానా మాత్రమే. అయితే సవాలు చేయదలచుకుంటే డబ్బు కట్టకండి, కడితే కేసు అక్కడితో ముగిసిపోతుంది. అభ్యంతరాన్ని 28 రోజుల్లోగా పంపాలి. రాయితీ గడువు ముగియకముందే పంపితే, తిరస్కరించినప్పటికీ 35 పౌండ్లకే కట్టే అవకాశాన్ని చాలా కౌన్సిళ్ళు మళ్ళీ ఇస్తాయి కానీ, ఇస్తాయన్న హామీ లేదు. మీ నోటీసులో దాని గురించి ఏముందో చదవండి. కౌన్సిల్ 56 రోజుల్లోగా జవాబివ్వకపోతే జరిమానా రద్దయినట్టే.

తిరస్కరణ లేఖ వస్తే మరో 28 రోజుల్లో ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు, కౌన్సిల్‌తో సంబంధం లేని న్యాయవాదులే అక్కడ తీర్పు చెబుతారు. చేయకూడనిదల్లా నోటీసును పక్కన పడేయడం. అలా చేస్తే జరిమానా సగం పెరిగి 105 పౌండ్లవుతుంది, ఆపైన కోర్టులో బాకీగా నమోదై బెయిలిఫ్‌ల (బాకీ వసూలు చేసే అధికారుల) దాకా వెళుతుంది.

మూడవ సమాధానం:
ఆ కెమెరా ఎప్పుడు పెట్టారో కూడా కనుక్కోండి. లండన్ బయటి కౌన్సిళ్ళు కెమెరాతో ఇలాంటి జరిమానాలు వేసే అధికారాన్ని 2022 మే 31 నుంచి మాత్రమే పొందగలుగుతున్నాయి. కొత్త కెమెరా ఉన్న చోట మొదటి ఆరు నెలలు, తొలిసారి ఉల్లంఘించినవారికి హెచ్చరిక లేఖ మాత్రమే పంపాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కెమెరా పాతదే. ఒక్క సందేహం: వ్యాన్ లేన్ మారడం వీడియోలో కనిపిస్తోంది గానీ, దాని ముందున్న వాహనాలు ఫ్రేములో లేవు. అది నాకు నష్టమా?

మొదటి సమాధానమిచ్చినవారు:
నష్టం కాదండీ. ఉల్లంఘన జరిగిందని నిరూపించవలసింది కౌన్సిలే. నిలిచి ఉన్న వాహనాల వల్లనే మీరు ఆగారని వారి వీడియో చూపించలేకపోతే, ఆ లోపాన్ని లేఖలో రెండవ వాదనగా స్పష్టంగా రాయండి. వీడియో ప్రతిని ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.