పాషన్ ఫ్రూట్‌కి పూత నిండుగా ఉంది, పిందె నిలవడం లేదు. సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా మిద్దె తోటలో పసుపు రకం పాషన్ ఫ్రూట్ తీగ పందిరంతా అల్లుకుంది. ఆ పూల అందమే వేరు! తెల్ల రేకుల మీద సన్నటి పోగులు గుండ్రంగా పరుచుకుని, ఆ పోగుల మొదళ్లలో వంకాయ రంగు, పువ్వు మధ్యలో మూడు కీలాగ్రాలు (పుప్పొడిని అందుకునే కొనలు). మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికల్లా ముడుచుకుంటాయి. ఆ టైముకి మా అత్తయ్య ఎంత ఎండ ఉన్నా మేడ ఎక్కేస్తారు.

కానీ పువ్వు వాడగానే తొడిమతో సహా రాలిపోతోంది. నల్ల తుమ్మెదలు బాగానే వస్తున్నాయి. చిన్న బ్రష్‌తో నేనూ పుప్పొడి అద్ది చూశాను, ఒక్క పిందె కూడా కట్టలేదు. ఊదా రకం తన పుప్పొడితోనే కాస్తుందట, పసుపు రకానికి మాత్రం వేరే మొక్క పుప్పొడి కావాలట. మా చుట్టుపక్కల ఇంకో తీగ లేదు.

ఇదే తీగ కొమ్మ నాటితే లాభం ఉండదు కదా, అదీ ఈ మొక్కే. మరి పండు గింజల నుంచి మొలిపించిన మొక్క సరిపోతుందా, లేక వేరే ఇంటి నుంచి కొమ్మ తెచ్చుకోవడం మేలా? కొడగులోని చెట్టళ్లి ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్ల కావేరి అనే హైబ్రిడ్ పాషన్ ఫ్రూట్‌ని మన కోస్తా ఎండల్లో ఎవరైనా పెంచారా? ఒకే డ్రమ్ములో రెండు తీగలు పెట్టొచ్చా, విడిగా పెట్టాలా అన్నది కూడా చెప్పండి.