మోటారు మార్చాక టార్గెట్ ట్రాలీ సరిగ్గా ఆగడం లేదు

అందరికీ నమస్కారం. ఒంగోలులో మా పిల్లలు సాధన చేసే పది మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజిలో టార్గెట్ కార్డును మోసే ట్రాలీకి ఈమధ్య పెద్ద మోటారు బిగించాం. అప్పటి నుంచి చివరికి రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ పడ్డాక కూడా ట్రాలీ జారి, చివరి అడ్డానికి కొట్టుకుని వెనక్కి తుళ్లుతోంది. కార్డు నడిమధ్యన ఉండే పదో వలయం వ్యాసం అర మిల్లీమీటరే. ఊగే కార్డు మీద ఏం గురి చూస్తారు! బెల్టు బిగించాం, పట్టాల మీది సీసపు పొడి తుడిచాం. ఉప్పుగాలికి స్విచ్ కాంటాక్టులకు చిలుము పట్టింది, అదీ గోకాం. తేడా లేదు.

కొలిచినట్టు అంచెలంచెలుగా తిరిగే స్టెప్పర్ మోటారుకు మారాలా, ఈ డీసీ మోటారుకే చివర్లో వేగం తగ్గించే కంట్రోలర్ పెడితే సరిపోతుందా? ఖర్చు చూస్తే రెండోదే నయమనిపిస్తోంది. స్విచ్ బదులు, తాకకుండానే ట్రాలీని పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సార్ వాడినవారుంటే, ట్రాలీ ఆగే చోటుకు ఎంత ముందు అమర్చారో చెప్పగలరు.