బొగ్గుల గ్రిల్ మూత లోపల పెచ్చులు లేస్తున్నాయి, మొత్తం గీకేయాలా?

చలికాలమంతా కవర్ కప్పి బయటే ఉంచిన గ్రిల్‌ని మళ్లీ వాడకానికి సిద్ధం చేస్తున్నాను. మూత లోపల నల్లగా పెచ్చులు లేచాయి, గోటితో గీరితే పొడిపొడిగా రాలుతోంది. పెయింట్ కాదు, పొగా జిడ్డూ కలిసి గట్టిపడిన మసే. మొత్తం గీకాలా, ఊడినంతవరకు తీస్తే చాలా?

అసలు తలనొప్పి అడుగున గాలి వచ్చే కంతతో. తడిసిన బూడిద గడ్డకట్టి, దాన్ని మూసే రేకు అస్సలు కదలడం లేదు. సుత్తితో తడితే ఎనామిల్ పగులుతుందేమోనని టెన్షన్. నూనె వేసి నానబెడితే వదులుతుందా? ఎవరైనా చేసి చూశారా?

పోత ఇనుప జాలీ మీద తుప్పు పైపైనే ఉంది. తోమి, నూనె పూసి, బాగా వేడి చేస్తాను. తోమడానికి ఇనుప తీగల బ్రష్ మాత్రం చెప్పకండి, ఊడిన తీగముక్క తిండిలో పడితే గొంతుకే ప్రమాదం. ఇంకేం వాడొచ్చు? చెమ్మ పట్టిన పాత బొగ్గులు ఎండబెడితే పనికొస్తాయా?