పిల్లల సముద్రం రోజు: హాలులో మూడు టేబుళ్ళు, మాస్ బీచ్‌లో (కాలిఫోర్నియా తీరం) నడక – వలంటీర్ల చర్చ

సైన్స్ టేబుళ్ళ బాధ్యులు:
అందరికీ నమస్కారం. పిల్లల సంఖ్య 45 దగ్గర ఆపేద్దాం, 6 నుంచి 11 ఏళ్ళ వాళ్ళు. ముందు అనుకున్న ఏడు టేబుళ్ళు వద్దండి, మూడు చాలు. పదిహేను మంది చొప్పున మూడు జట్లు, టేబుల్ దగ్గర 25 నిమిషాలు, మారడానికి 5. ఏడు పెడితే ఒక్కోదానికి పది నిమిషాలే దక్కుతాయి, పిల్లలు రంగు నీళ్ళు చూసి పరిగెత్తడమే అవుతుంది. అగ్నిపర్వతం, స్లైమ్ తీసేశాను, వాటికీ సముద్రానికీ సంబంధం లేదు.

మూడు టేబుళ్ళకూ ఒకటే షరతు: పక్కన పోల్చి చూసే జత ఉండాలి. అది లేకపోతే పిల్లలకు మిగిలేది తమాషా మాత్రమే.

మొదటి టేబుల్, ఉప్పు నీరు–మంచి నీరు. ఒకే మూతి ఉన్న 250 మి.లీ. గాజు సీసాలు 20 కావాలి. ముగ్గురు పిల్లలకు నాలుగు సీసాలు. అసలు సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానితోనూ పొరలు నిలబడతాయి గానీ చిన్న చేతులు కదులుతాయి కాబట్టి మనం 70 గ్రాములు కలుపుదాం, రెట్టింపు వేశామని పిల్లలకు చెప్పేద్దాం. మూడు జట్లకూ కలిపి ఉప్పు నీరు 8 లీటర్లు, అంటే ఉప్పు 560 గ్రాములు. మంచి నీరు కూడా 8 లీటర్లు. మామూలు టేబుల్ సాల్ట్‌లో గడ్డకట్టకుండా కలిపే పొడి వల్ల నీళ్ళు మసకబారతాయి. పికిలింగ్ సాల్ట్ (ఆ పొడి కలపని పచ్చళ్ళ ఉప్పు) తెండి.

ఉప్పు నీటికి నీలం, మంచి నీటికి పసుపు, సీసాకు మూడేసి చుక్కలు. రెండు సీసాలూ అంచు దాటి ఉబ్బేంత నింపి, ఒకదాని మీద లామినేట్ చేసిన కార్డు పెట్టి బోర్లించి రెండోదాని మీద నిలబెట్టాలి. కార్డు పెద్దవాళ్ళే లాగాలి, సీసాలు పిల్లలు పట్టుకోవాలి. ఒక జతలో మంచి నీరు పైన: రంగులు విడిగా నిలుస్తాయి. రెండో జతలో ఉప్పు నీరు పైన: క్షణాల్లో అంతా ఆకుపచ్చ. మామూలు అట్టముక్క వాడితే రెండో జట్టుకే నాని చిరుగుతుంది. సీసా నిండా నింపకపోతే గాలి బుడగ పైకి పోతూ పొరలను చెదరగొడుతుంది. నీళ్ళు రెండూ ముందురోజు రాత్రే ఒకే గదిలో పెట్టండి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కనిపించేది ఉప్పు ప్రభావమో వేడి ప్రభావమో ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ చెప్పడానికి మన తెలుగు తీరం విషయమే ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచి నీరు బంగాళాఖాతం పైన పలచని పొరలా పరుచుకుంటుంది. అరేబియా సముద్రంలో లీటరుకు 36 గ్రాముల దాకా ఉప్పుంటే, వానాకాలం తర్వాత బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైనీటిలో 30 కన్నా తక్కువ. ఆ పొర కింది చల్లని నీటిని పైకి రానివ్వదు కనుక పైభాగం వేడిగానే ఉండిపోతుంది. తుఫాన్లకు బలం ఆ వేడి నుంచే. పెద్ద పిల్లలకు ఇది చెప్పండి, చిన్నవాళ్ళకు రంగులు చాలు.

హాలు, సామాను:
ఉప్పు నీటిలో గుడ్డు తేలడం కూడా పెడదామా అండి? అందరికీ తెలిసిందే కదా.

సైన్స్ టేబుళ్ళ బాధ్యులు:
వద్దండి. ఎలర్జీ ఉన్న పిల్లలు ఉంటారు, కొన్ని ఇళ్ళవాళ్ళకు గుడ్డు ముట్టించడం ఇష్టం ఉండదు. పైగా "సముద్రంలో గుడ్డు తేలుతుంది" అన్నది నిజం కాదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పున్న నీటిలో తాజా గుడ్డు మునుగుతుంది, లీటరుకు దాదాపు 120 గ్రాములు పడితే గానీ లేవదు. కావాలంటే పచ్చి బంగాళాదుంప ముక్కతో చేద్దాం: మంచి నీటిలోనూ, సముద్రమంత ఉప్పున్న నీటిలోనూ మునుగుతుంది. చిక్కటి ఉప్పు నీటిలో తేలుతుంది. దుంపను బట్టి ఉప్పు కొంచెం అటూ ఇటూ అవుతుంది, 200 గ్రాముల దాకా సిద్ధంగా ఉంచుకోండి.

రెండో టేబుల్, కొవ్వు గ్లౌజు. క్వార్ట్ సైజు (దాదాపు లీటరు) జిప్ సంచులు రెండు. ఒక సంచిలో కప్పు నిండా వెజిటబుల్ షార్టెనింగ్, అంటే మన డాల్డా లాంటిదే. రెండో సంచిని లోపలిది బయటకు తిప్పి మొదటి దానిలో దూర్చి, రెండింటి జిప్పులూ ఒకదానికొకటి పట్టించి, చుట్టూ డక్ట్ టేప్ వేయాలి. చేయి లోపలి సంచిలోకి పోతుంది, కొవ్వు చుట్టూ ఉంటుంది. పోలిక జతకు ఇలాగే రెండు సంచులు, మధ్యలో కొవ్వు లేకుండా, గాలి బాగా నొక్కి తీసేసి. గాలి ఉండిపోతే అది కూడా చలిని ఆపుతుంది, అప్పుడు తేడా తగ్గిపోతుంది. మూడు కొవ్వువి, మూడు ఖాళీవి చేయండి.

బకెట్‌కు 4 లీటర్ల నీళ్ళు, 2 కిలోల ఐసు. చేయి 30 సెకన్లకు మించి ఉంచనివ్వకండి. "నేను ఇంకా ఉంచగలను" అని పందెం వేసేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వంటగది ప్రోబ్ థర్మామీటర్ రెండు సంచుల్లోనూ రెండేసి నిమిషాలు పెట్టి అంకెలు బోర్డు మీద రాయించండి. చల్లగా ఉందా లేదా అన్న వాదన అక్కడితో తీరిపోతుంది.

సీల్‌కు, తిమింగలానికి కొవ్వు ఉంది. ఇక్కడి సముద్రపు ఆటర్‌కు (నీటికుక్క) ఆ పొర లేదు, దట్టమైన బొచ్చే దిక్కు. చదరపు అంగుళానికి పది లక్షల దాకా వెంట్రుకలు. ఆ బొచ్చులో ఇరుక్కున్న గాలే చలిని ఆపుతుంది. నూనె ఒలికితే బొచ్చు అతుక్కుపోయి గాలి పోతుంది, అందుకే సీల్ కన్నా ఆటర్‌కు ప్రమాదం ఎక్కువ.

ట్రెజరర్:
షార్టెనింగ్ బదులు ఇంట్లో నెయ్యి వాడితే ఖర్చు తగ్గదా?

సైన్స్ టేబుళ్ళ బాధ్యులు:
నెయ్యి చేతి వేడికి కరిగి ఒక మూలకు జారిపోతుంది ట్రెజరర్ గారూ, ఖరీదూ ఎక్కువే.

మూడో టేబుల్, కార్బన్ డయాక్సైడ్ గ్యాసు నీటిలో కరిగితే ఏమవుతుందో చూపేది. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులో 50 మి.లీ. నీళ్ళు, బ్రోమోథైమాల్ బ్లూ (ఆమ్లం తగిలితే నీలం నుంచి పసుపుకు మారే రంగు) కొన్ని చుక్కలు. లోపలి గోడకు, నీటికి పైన, చిన్న కాగితపు కప్పు టేపుతో అంటించాలి. అందులో అర టీస్పూను బేకింగ్ సోడా, డ్రాపర్‌తో రెండు టీస్పూన్ల వెనిగర్, వెంటనే మూత. గ్యాసు కిందికి దిగి నీటి పైభాగం ముందు పసుపు అవుతుంది. పక్కన సోడా, వెనిగర్ లేని కప్పు ఉండాలి.

ఇది చెడేది ఒక్క చోటే: వెనిగర్ ఎక్కువ పోస్తే నురుగు పొంగి నీటిలో పడుతుంది, నీళ్ళు ఒక్కసారిగా పసుపు అవుతాయి. అప్పుడు రంగు మార్చింది గ్యాసు కాదు, వెనిగర్. ఆ కప్పు పారబోసి మళ్ళీ చేయించండి. మొదట్లోనే నీళ్ళు ఆకుపచ్చగా కనిపిస్తే చిటికెడులో చిటికెడు సోడా కలపండి. ఎక్కువైతే ఇక రంగే మారదు. స్ట్రాతో ఊదించడం వద్దు, ఎవరో ఒకరు పీలుస్తారు.

మాటలో జాగ్రత్త: "సముద్రం ఆమ్లమైపోయింది" అనకండి. పారిశ్రామిక యుగానికి ముందు పైనీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కన్నా తక్కువైతేనే ఆమ్లం) సుమారు 8.2, ఇప్పుడు 8.1, అంటే ఇంకా క్షారమే. మన కప్పు పసుపు కావడానికి 6 దగ్గరకు పోవాలి. కానీ ఆ చిన్న తేడా అంటే హైడ్రోజన్ అయాన్లు దాదాపు 30 శాతం పెరిగినట్టు, గుల్లలు కట్టుకునే జీవులకు అది భారమే.

టైడ్‌పూల్ నడక:
హాలు రోజునే మాస్ బీచ్‌కు కూడా వెళ్దామని ఇద్దరు అడిగారు. కుదరదండి, అక్కడ తేదీ మన చేతిలో లేదు. మాస్ బీచ్‌లోని రక్షిత తీరం ఫిట్జరాల్డ్ మెరైన్ రిజర్వ్‌లో నీటిమట్టం ఒక అడుగు కన్నా తక్కువ ఉంటేనే రాళ్ళు, వాటి మధ్య నీటి గుంటలు (టైడ్‌పూల్స్) బయటపడతాయి. ఈ తీరంలో వసంతం, వేసవిలో మరీ లోతైన ఆటు తెల్లవారుజామున, పొద్దున్నే వస్తుంది. చలికాలంలో మధ్యాహ్నం, సాయంత్రం. పిల్లలకు చలికాలమే నయం, కాకపోతే అయిదు ప్రాంతానికే పొద్దు గూకుతుంది.

పంచాంగంలో అమావాస్య, పౌర్ణమి చుట్టూ రోజులు గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం గంటలు: వాటికి నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) ఆటుపోట్ల పట్టికలో పిల్లర్ పాయింట్ హార్బర్ స్టేషన్ చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో బే లోపలి స్టేషన్ల పట్టిక చూస్తే ఆలస్యంగా చేరతాం, అక్కడ ఆటు తర్వాత వస్తుంది. ఆటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి వర్షానికి వాయిదా వేస్తే సమయం కూడా మారుతుంది. కనిష్ఠానికి గంటన్నర ముందు చేరాలి, నీరు తిరగగానే వెనక్కి. భోజనం ముందే పెట్టేయండి.

పది మంది, అంతకు మించి ఉంటే ముందుగా రిజర్వేషన్ తప్పనిసరి. ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద, ఒకరు ఎప్పుడూ అలల వైపే చూస్తూ ఉండాలి. చెప్పులు వద్దు, పట్టున్న పాత బూట్లు. నాచు మీద జారతారు, రాయి మీద కాదు ఇసుక మీద అడుగు వేయించండి. బకెట్లు, వలలు తేకూడదు.

సాంస్కృతిక కార్యక్రమాలు:
ఖాళీ గవ్వలు, చిప్పలు నాలుగు తెచ్చుకుంటే స్టేజీ అలంకరణకు పనికొస్తాయేమో?

టైడ్‌పూల్ నడక:
అక్కడ ఏదీ తీయకూడదండి, ఖాళీ గుల్ల అయినా. అది రేపు ఒక హెర్మిట్ పీత ఇల్లు. అలంకరణకు అట్టవి చేద్దాం.

పిల్లలకు చూపించాల్సినవి: ఊదా సముద్రపు ముళ్ళకాయ (అర్చిన్), పెద్ద ఆకుపచ్చ అనిమోని (పువ్వులా కనిపించే జంతువు), ఓకర్ సముద్ర నక్షత్రం, కైటన్ (పలకల గుల్ల ఉన్న నత్త లాంటి జీవి), మసెల్స్ (రెండు చిప్పల ఆల్చిప్పలు). ముట్టుకుంటే ఒక్క వేలితో, అదీ తడిపి. చిన్న అనిమోనీలు గుంపుగా రాయంతా పరుచుకుని, ఇసుక, గుల్ల ముక్కలు ఒంటికి అంటించుకుని ముడుచుకుంటాయి. చూస్తే ఉత్త ఇసుక రాయిలా ఉంటుంది, అందరూ తొక్కేది వాటినే. కాలు పెట్టకముందు వంగి చూడమనండి: మెత్తగా, మెరుస్తూ ఉంటే పక్కకు.

నక్షత్రాలు తక్కువగా కనిపిస్తే పిల్లలు అడుగుతారు. 2013లో మొదలైన జబ్బు ఈ తీరమంతా వాటిని కరిగించేసింది. సన్‌ఫ్లవర్ నక్షత్రాల్లో దానికి విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా కారణమని 2025లో తేల్చారు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నది సన్‌ఫ్లవర్ నక్షత్రం, అది తినే ముళ్ళకాయలు పెరిగి కెల్ప్ నాచు అడవులను మేసేశాయి. సీల్స్ ఒడ్డున పడుకుని ఉంటే రేంజర్లు చెప్పిన దూరంలోనే ఆగాలి. తల ఎత్తి మన వైపు చూసిందంటే అప్పటికే దగ్గరకు వెళ్ళిపోయామని అర్థం.

హాలు, సామాను:
సరే అండి. సీసాలు, ట్రేలు, తువ్వాళ్ళు నేను చూస్తాను. బ్రోమోథైమాల్ బ్లూ రావడానికి వారం పడుతుంది, ఈరోజే ఆర్డర్ పెడుతున్నా. మిగిలినవి పికిలింగ్ సాల్ట్ కిలో, షార్టెనింగ్ మూడు కప్పులు, ఐసు మొత్తం 12 కిలోలు, ప్రోబ్ థర్మామీటర్లు రెండు. ఐసు మాత్రం ఆ ఉదయమే కొనాలి, కూలర్ ఉన్నవాళ్ళు చెప్పండి.