రేడియేషన్‌కు నానో కణాలు తోడైతే: ఎలుకల్లో సరే, మనుషుల్లో?

ఎక్స్‌రే కుర్రాడు: 2004లో హైన్‌ఫెల్డ్ బృందం వేసిన పేపర్ చదివాను. రొమ్ము కణితి ఉన్న ఎలుకలకు 1.9 నానోమీటర్ల బంగారు కణాలు నరంలోకి ఎక్కించి ఎక్స్‌రే ఇస్తే, ఏడాదికి 86 శాతం బతికే ఉన్నాయి. ఒట్టి ఎక్స్‌రేతో 20 శాతమే. ఇంత మంచిది ఇన్నేళ్లయినా వాడుకలోకి ఎందుకు రాలేదు? ఎవరో తొక్కిపెడుతున్నారని నా అనుమానం.

లీనాక్ మాస్టారు: తొక్కిపెట్టేదేం లేదండీ. ఆ ఎలుకలకు వాడిన మెషీన్ 250 కిలోవోల్టులది. లోపలి కణితులకు మేం వాడే లీనాక్ (ఆస్పత్రుల్లో రేడియేషన్ ఇచ్చే మెషీన్) సాధారణంగా 6 మెగావోల్టులు. తక్కువ శక్తి దగ్గర బంగారం లాంటి బరువైన పరమాణువు ఎక్స్‌రేను మింగి ఎలక్ట్రాన్లను వెదజల్లుతుంది, పక్కనున్న కేన్సర్ కణం దెబ్బతింటుంది. మెగావోల్టుల దగ్గర కాంప్టన్ ప్రభావానిదే, అంటే ఎక్స్‌రే ఎలక్ట్రాన్‌ను గుద్ది చెదిరిపోవడానిదే, పైచేయి. దానికి బంగారమైనా నీరైనా పెద్ద తేడా ఉండదు. ఇంకోటి, ఎలుకలకు ఎక్కించింది కిలో బరువుకు 2.7 గ్రాముల దాకా. 60 కిలోల మనిషికి లెక్కేయండి. 162 గ్రాముల బంగారం, అదీ నరంలోకి!

సూదిమొన: మాస్టారూ, సగం ఒప్పుకుంటా. నరంలోకి ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరేది ఒక శాతం లోపేనని 2016 నాటి సమీక్షలో తేలింది కూడా. అందుకే హాఫ్నియం అనే బరువైన లోహపు ఆక్సైడ్‌తో నానో కణాలు చేసేవాళ్లు రూటు మార్చారు. రేడియేషన్ మొదలయ్యే ముందు ఒక్కసారి, సూదితో నేరుగా కణితిలోకే. సీటీ స్కాన్‌లో అది తెల్లగా మెరుస్తూ కనబడుతుంది కాబట్టి ఎక్కడుందో తెలిసిపోతుంది. సార్కోమా (కండ, కొవ్వు లాంటి మెత్తని కణజాలంలో వచ్చే కేన్సర్) ట్రయల్‌లో కణితి దాదాపు పూర్తిగా చచ్చినవాళ్లు 16 శాతం, మామూలు రేడియేషన్‌తో 8 శాతం. వాడింది మీ మెగావోల్టుల రేడియేషనే! 2019లో యూరప్‌లో అమ్మకానికి కావాల్సిన సీఈ మార్క్ వచ్చింది.

లీనాక్ మాస్టారు: రెట్టింపు అనగానే గొప్పగానే ఉంటుంది. తలలు లెక్కపెడితే 87 మందిలో 14, 89 మందిలో 7. పైగా అది ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసి చెప్పిన లెక్క, ఆయుష్షు లెక్క కాదు. సూది అందని చోట కణితి ఉంటే ఏం చేస్తారు?

గొంతు సంగతి: మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాన్నకు గొంతు కేన్సర్, వయసు వల్ల సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు వద్దన్నారు. డాక్టర్‌గారిని దీని గురించి అడగొచ్చా?

సూదిమొన: తప్పకుండా అడగండి. సరిగ్గా అలాంటి పెద్దవాళ్ల మీదే మూడో దశ ట్రయల్ పెట్టారు. "ట్రయల్‌కు సరిపోతారా" అని అడగండి. రేడియేషన్ తేదీ మాత్రం దీనికోసం వాయిదా వేయించకండి.

లీనాక్ మాస్టారు: ఈ ముక్కలో నాకూ పేచీ లేదు.

ఎక్స్‌రే కుర్రాడు: తొక్కిపెట్టారన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ 162 గ్రాముల లెక్క నేనే వేసుకుని ఉండాల్సింది.